టీసీది కాని నల్లకోటు

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నల్లకోటు అంటే టీసీ. అక్కడ ఇంకెవరికీ నల్లకోటుతో పని లేదు. వకీళ్లు వేసుకుంటారు గాని, వాళ్లు ఉండేది కోర్టు వైపు. స్టేషనుకీ కాలనీకీ మధ్య కనిపించే నల్లకోటు మాత్రం టీసీదే.

1994 నవంబరులో గిరిబాబుకు ఒక నల్లకోటు కావలసి వచ్చింది. అతను టీసీ కాదు, క్యారేజ్ విభాగంలో ఫిట్టరు. రైలు పెట్టెల తలుపులు, కిటికీలు, బ్రేకులు చూసే పని. వయసు నలభై ఒకటి. తండ్రి పలాస వైపు నుంచి వచ్చి స్టీము ఇంజన్ల షెడ్‌లో చేరాడు. కొడుకు అదే కాలనీలో పుట్టి, అదే కాలనీలో క్వార్టరు సంపాదించాడు. ఉద్యోగం వచ్చి పంతొమ్మిదేళ్లు. రైల్వే ఇన్‌స్టిట్యూట్ క్లబ్బు ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు పట్టుకుని కూడా పంతొమ్మిదేళ్లే.

డిసెంబరు మూడో వారంలో నాగపూర్‌లో డివిజన్ల మధ్య సంగీతం పోటీ. పాశ్చాత్య సంగీతం విభాగంలో దుస్తులకు పది మార్కులు పెట్టారు. కిందటేడు తెల్లప్యాంట్లు, ఎర్రచొక్కాలు వేసుకుని వెళ్తే న్యాయనిర్ణేతల్లో ఒకాయన మైకు ఆపడం మరిచిపోయి, పెళ్లి బ్యాండును ఎవరు పిలిచారని పక్కాయన్ని అడిగాడు. హాలంతా విన్నది. ఆర్కెస్ట్రా సెక్రటరీ రాంప్రసాద్ అది మరిచిపోలేదు. ఆఫీసులో గుమాస్తా కాబట్టి అసలు ఏదీ మరిచిపోడు.

"ఈసారి ఎవడి బట్టలు ఆడు చూసుకోండి. నలుపు కావాల, స్టైలుగా ఉండాల. ముందర నిలబడేది నువ్వు గనక, గిరీ, నీది బాగుండాల" అన్నాడు.

గిరిబాబు దగ్గర ఒక పత్రిక ఉంది. పక్క క్వార్టర్లో ఉండే ఆంగ్లో ఇండియన్ డ్రైవరు ఆస్ట్రేలియా వెళ్లిపోతూ ఇంగ్లిష్ సంగీత పత్రికల కట్ట ఒకటి ఇచ్చి వెళ్లాడు. అందులో ఒకదాంట్లో నాలుగు పేజీల నిండా మగవాళ్ల ఫోటోలు. పాడుబడిన చర్చి ముందు నిలబడి ఉన్నారు. మోకాళ్ల దాకా నల్లకోట్లు, మెడ దగ్గర తెల్ల కుచ్చుల చొక్కాలు, వెండి బొత్తాలు, బరువైన బూట్లు. కుర్రాళ్లు కారు. ఒకాయనకు కణతల దగ్గర నెరిసింది. గిరిబాబుకూ సరిగ్గా అక్కడే నెరిసింది. ఆ ఫోటోను అతను చాలా రోజులుగా చూస్తున్నాడు.

కూతురు స్వాతి ఎనిమిదో తరగతి. ఇంగ్లిష్ చదువుతుంది, హిందీ చదువుతుంది, తెలుగు మాట్లాడడం వరకే.

"దీన్ని గోతిక్ అంటారంట పప్పా. భూత్‌బంగ్లాలో చౌకీదార్లలాగా ఉన్నారు."

"ఎలాగుంటే నీకేటి? కింద ఏటి రాశాడో చెప్పు."

స్వాతి వేలు పెట్టి చదివింది. "ముప్పై దాటినోళ్లకి స్పెషల్‌గా రాశాడు. కోటు నలుపూ ప్యాంటు నలుపూ ఒకటే అవ్వాలంట, తేడా ఉంటే బేకార్. బూట్లు భారీగా ఉండాలి. నగ ఒక్కటే వేసుకోవాలి. రెండు వేస్తే జోకర్."

"జోకరని రాశాడా?"

"నహీఁ, అది నేనే అన్నాను."

అడ్డంకి వేరే ఉంది. అప్పటికి రెండు నెలలుగా కర్గీ రోడ్ వైపు వెళ్లే బళ్లలో నల్లకోటు వేసుకున్న మనిషి ఒకడు ఎక్కి, చదువురాని ప్రయాణికుల్ని బెదిరించి జరిమానాలు వసూలు చేస్తున్నాడు. అసలు టీసీ వచ్చేసరికి దిగిపోతున్నాడు. వాడు దొరకలేదు. రైల్వే మనిషే అయి ఉంటాడని పుకారు. దాంతో నోటీసు బోర్డు మీద కాగితం అంటించారు: అధికారం లేని సిబ్బంది ఎవరైనా టికెట్లు తనిఖీ చేస్తూ పట్టుబడితే కేసు. అదే బోర్డు మీద, ఆ కాగితానికి జానెడు దూరంలో, ఫిట్టర్లకు పైనుండే చార్జ్‌మన్ పోస్టుకు రాతపరీక్ష పాసైనవాళ్ల పేర్లున్నాయి. అందులో గిరిబాబు పేరుంది. తుది జాబితా జనవరిలో వస్తుంది. కేసున్న పేరు జాబితాలో ఉండదు.

భార్య కనకం ఈ రెండు కాగితాలూ చదవలేదు గాని, రెండింటి సంగతీ కాలనీ కుళాయి దగ్గర విన్నది.

"పంతొమ్మిదేళ్లకి ఒక ప్రమోషను ఇంటి గుమ్మం దాకా వచ్చింది. దాన్ని కోటుగుడ్డ కోసం ఎనక్కి పంపిస్తారేటి?"

"స్టేజీ మీద వేసుకునే కోటే అది. స్టేషన్లో టికెట్లడగడానికి కాదు."

"మనకి తెలుసు. కోటు చూసినోడికి తెలుస్తాదేటి?"

ఆ మాట గిరిబాబుకు గుచ్చుకుంది. ఆ రాత్రి నుంచి అతను కనిపించిన ప్రతి టీసీనీ కొలవడం మొదలుపెట్టాడు. టీసీ కోటు తుంటి దాకా ఉంటుంది, తనది మోకాళ్ల దాకా ఉండాలి. వాళ్ల కాలరు కోటుగుడ్డదే, తనది మఖ్‌మల్. వాళ్లవి మామూలు బొత్తాలు, తనవి వెండిరంగువి. లోపలి లైనింగు వాళ్లకు బూడిదరంగు శాటిన్, తనకు వైన్ రంగు. ఇన్ని తేడాలున్నాక ఎవరు పొరబడతారని తనకు తనే చెప్పుకున్నాడు. మర్నాడు పొద్దున లేచి మళ్లీ చెప్పుకోవలసి వచ్చింది.

బుధవారీ బజార్‌లో టైలరు శంకరరావు ఇరవై రెండేళ్లుగా టీసీ కోట్లు కుడుతున్నాడు. డివిజన్‌లో సగం మంది భుజాల కొలతలు ఆయనకు నోటికి వచ్చు. పత్రికలో ఫోటో చూసి కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"ముందే చెప్తున్నాను బావూ. నా కత్తెరకి తెలిసింది ఒకటే కోటు. దీనికి అలవాటు లేదు."

"అందుకే వచ్చానన్నా. ఆ కోటులాగా ఉండకూడదు. అదొక్కటే నాకు కావాల్సింది."

"అచ్ఛా. మందు షాపుకెళ్లి మందు వద్దన్నట్టుంది."

గుడ్డ ఎంచుకోవడానికి గంటన్నర పట్టింది. తానుల్ని ఒక్కొక్కటిగా ఎండలోకి తెచ్చి చూశారు. దుకాణంలో నల్లగా ఉన్నదానికి బయట ఆకుపచ్చ జీర వచ్చింది. ఇంకోదానికి నీలం. మూడోది ఎండలో కాఫీపొడిలా తేలింది. చివరికి ఎక్కడ పెట్టినా నల్లగా ఉన్న తాను ఒక్కటే మిగిలింది. అది శంకరరావు టీసీ కోట్లకు వాడేది.

"నలుపంటే ఇదీ. తక్కినవి ఉతికేదాకే" అన్నాడు శంకరరావు.

గిరిబాబు ఆ గుడ్డను చాలాసేపు వేళ్ల మధ్య నలిపాడు. రంగు తేడా ఉంటే బేకార్ అని పత్రిక చెప్పింది. చార్జ్‌మన్ జాబితా ఇంకోటి చెబుతోంది. చివరికి తల ఊపాడు. పొడుగుంది కదా, మఖ్‌మల్ ఉంది కదా అనుకున్నాడు.

పదిరోజుల తర్వాత ట్రయలు. కోటు తొడుక్కుని అద్దంలో చూసుకుంటే ఎడమ రొమ్ము మీద పేరుపలక తగిలించే రెండు గుడ్డ పట్టీలు కనిపించాయి.

"ఇదేటన్నా?"

శంకరరావు దగ్గరికొచ్చి చూసి, తన చేతుల్ని చూసుకున్నాడు. "నేను కుట్టలేదు బావూ. చెయ్యి కుట్టేసింది."

అక్కడే బ్లేడుతో పట్టీలు విప్పేశాడు. గుడ్డ మీద వరసగా సన్న చిల్లులు మిగిలాయి. ఇస్త్రీ చేస్తే పోతాయన్నాడు. రెండుసార్లు ఇస్త్రీ చేశాడు. దూరం నుంచి చూస్తే పోయాయి.

తక్కినవన్నీ ఇంట్లోనే కుదిరాయి. కనకం పాత తెల్ల ఆర్గండీ చీర అంచుతో చొక్కాకు మెడ దగ్గరా ముంజేతుల దగ్గరా కుచ్చులు కుట్టింది. కుడుతున్నంతసేపూ నవ్వింది. బూట్లకు డిపోలో ఇచ్చిన ఇనపముక్కు బూట్లు తీశారు. వాటికంటే బరువైన బూట్లు బిలాస్‌పూర్‌లో దొరకవు. మూడుసార్లు పాలిష్ చేస్తే ఫోటోలో వాటిలాగే మెరిశాయి. ఇక నగ మిగిలింది. ఫోటోలో అందరి మెడల్లోనూ శిలువలున్నాయి.

"మెళ్లో శిలువ పెట్టుకుని పొద్దున్నే సింహాచలం అప్పన్న పటానికి దణ్ణం పెడతారేటి? ఆయనేటనుకుంటాడు?" అంది కనకం.

పులిగోరు చూశారు, మరీ పెళ్లికొడుకులా ఉంది. అప్పుడు స్వాతి తలుపు పక్క మేకుకు వేలాడుతున్న క్యారేజ్ తాళంచెవి తీసింది. నలుపలకల మూతి ఉన్న ఇనప చెవి అది. పెట్టెల తలుపులు బయటి నుంచి తియ్యడానికి వాడతారు. పంతొమ్మిదేళ్లు చేతిలో నలిగి నున్నగా, వెండిలా తయారైంది. నల్లదారానికి కట్టి మెడలో వేస్తే శిలువకంటే బాగుంది.

"ఏక్‌దమ్ ఫిట్, పప్పా."

కనకానికీ నచ్చింది. సెలవులో వెళ్లేటప్పుడు ఆ చెవిని డిపో పెట్టెలో పెట్టి వెళ్లాలన్నది రూలు. గిరిబాబుకు రూలు గుర్తుంది, ఒక్కరోజే కదా అనుకున్నాడు. అలాంటి చెవి టీసీల దగ్గరా ఉంటుందన్న సంగతి మాత్రం అద్దం ముందు నిలబడ్డ ముగ్గురిలో ఎవరికీ తట్టలేదు. వాళ్లకది రోజూ మేకుకు కనిపించే వస్తువు.

బయల్దేరే రోజు పొద్దున ఆరింటికి కాలనీ అంతా మంచు. కోటు మడతపెడితే మఖ్‌మల్ కాలరు చచ్చిపోతుందని శంకరరావు మరీ మరీ చెప్పాడు. కాబట్టి వేసుకునే వెళ్లాలి, గంజి పెట్టిన కుచ్చుల చొక్కా కూడా. కుచ్చులు ఎవరికీ కనిపించకుండా గిరిబాబు చేతులవి లోపలికి తోసి, బొత్తాలన్నీ మెడదాకా పెట్టేశాడు. తాళంచెవి మాత్రం కాలరు మీంచి బయట వేలాడింది.

కుళాయి దగ్గర నీళ్లు పడుతున్న పక్కింటాయన తల పైకెత్తాడు. "మాలేసుకున్నావేటి గిరిబాబూ? స్వామివైతే కాళ్లకి బూట్లేటి?"

"మాల కాదన్నా. పోటీ."

"శబరిమలలో పోటీలెప్పుడెట్టారు?"

గిరిబాబు నవ్వకుండా నడిచాడు. దారి పొడవునా కోటు ముందుభాగాన్ని చేత్తో అదుముకుంటూనే ఉన్నాడు.

ప్లాట్‌ఫారం మీద నాగపూర్ బండి అప్పటికే నిలబడి ఉంది. రాంప్రసాద్ అతన్ని కిందికీ పైకీ చూశాడు. "బాగుందిరా. మా పక్కనే ఉండు, అటూ ఇటూ తిరక్కు" అన్నాడు. ఆ మాటన్నవాడే అయిదు నిమిషాల్లో డ్రమ్ములూ స్పీకర్లూ గిటార్లూ సామాన్ల బ్రేక్‌వ్యాన్‌లో ఎక్కించడానికి అందర్నీ వెంటేసుకుని బండి చివరికి వెళ్లిపోయాడు. కోటు మీద దుమ్ము పడుతుందని గిరిబాబును సంచుల దగ్గర ఉండమన్నారు.

మొదట ఒక కాలేజీ కుర్రాడు వచ్చి బెర్తు ఉందా అని అడిగాడు. తను టీసీ కాదని చెప్పాడు. తర్వాత ఒకావిడ. ఆవిడకూ చెప్పాడు. ఆవిడ నమ్మలేదు, మొహం ముడుచుకుని వెళ్లింది. కోటు విప్పేద్దామా అంటే లోపల కుచ్చులు. పది నిమిషాల్లో బండి కదులుతుంది, అంతవరకే కదా అని స్తంభం వెనక్కి జరిగాడు.

అక్కడికే వచ్చాడు బెల్తరా పల్లె నుంచి వచ్చిన ముసలాయన. భార్యను భుజానికి ఆనించుకుని నడిపిస్తున్నాడు. ఆమెకు ఒళ్లంతా వణుకు.

"సాహెబ్, హమర్ డబ్బా కోన్ కోతీ హే?" తమ పెట్టె ఎటువైపుందని అడుగుతూ టికెట్టు గిరిబాబు అరచేతిలో పెట్టేశాడు.

నేను టీసీ కాదన్న మాట మూడోసారి గిరిబాబు నోటి దాకా వచ్చింది. కాని కళ్లు అప్పటికే టికెట్టు చదివేశాయి. వాళ్ల పెట్టె ఎదురుగా ఉన్నదే. తలుపు మూసి ఉంది. లోపల ఎవరో గొళ్లెం తిప్పేశారు. ముసలామె నిలబడలేక ప్లాట్‌ఫారం మీద కూర్చోబోయింది. గిరిబాబు చెయ్యి మెడలోకి వెళ్లింది. చెవి తలుపు కన్నంలో పెట్టి అర తిప్పు తిప్పాడు. రోజుకు వంద తలుపులు అలా తీసిన చెయ్యి. తలుపు తెరుచుకుంది. ముసలామెను పైకెక్కించి దిగేసరికి అతని చుట్టూ జనం మూగారు. సందేహం ఉన్నవాళ్లకు కూడా తీరిపోయింది. అన్ని వైపుల నుంచీ టికెట్లు. ఎవరివి ఎవరివో తెలీకుండా నాలుగైదు చేతిలోకొచ్చాయి.

"మై టీసీ నహీఁ హూఁ" అన్నాడు గిరిబాబు, చేతినిండా టికెట్లతో.

"అయితే ఎవరు?" అని హిందీలో వినిపించింది వెనకనుంచి. భుజం మీద చెయ్యి పడింది. దొంగ టీసీ కోసం తిరుగుతున్న స్క్వాడ్ ఇన్‌స్పెక్టరు, ఇద్దరు రైల్వే పోలీసు జవాన్లు.

ఇన్‌స్పెక్టరు కేకలు వేసే రకం కాదు. టికెట్లు తీసుకుని లెక్కపెట్టి జేబులో పెట్టుకున్నాడు. పేరడిగాడు. పాసు చూశాడు. క్యారేజ్ ఫిట్టరని చదివి, దాన్ని తిరిగి ఇవ్వలేదు.

"డ్యూటీలో ఉన్నావా?"

"లేను సార్. సెలవు."

"సెలవులో ఉన్నవాడి మెళ్లో ఈ చెవి ఎందుకు?"

నగ అని చెప్పాలి. గిరిబాబు చెవిని గుప్పిట్లో మూసేశాడు.

ఆ పెట్టె అసలు టీసీ ఆదినారాయణ అప్పుడే జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. విజయనగరం వైపు మనిషి, గిరిబాబును ఎరుగును. ఇన్‌స్పెక్టరు అడిగితే ఉన్నదున్నట్టు చెప్పాడు. "ఫిట్టరే సార్, మంచోడే. ఈ కోటెందుకేశాడో నాకు తెలీదు." తర్వాత చెయ్యి చాచి గుడ్డ పట్టుకుని చూశాడు. "శంకరరావు కుట్టినట్టుంది. నాదీ ఆయనదే."

సాయం చేద్దామనే అన్నాడు. ఇన్‌స్పెక్టరు రెండు కోట్లనూ పక్కపక్కన చూశాడు. ఆదినారాయణ ఎడమ రొమ్ము మీద పేరుపలక. గిరిబాబు ఎడమ రొమ్ము మీద, అదే చోట, అంతే వెడల్పున, వరసగా చిల్లులు. దగ్గర నుంచి చూస్తే పోలేదు.

"పలక ఎప్పుడు పీకేశావు?"

టైలరు చేతి అలవాటని చెబితే ఎవరు నమ్ముతారు? విన్నా గిరిబాబే నమ్మడు. నోటీసు బోర్డు మీద జానెడు దూరంలో ఉన్న రెండు కాగితాలూ ఇప్పుడు ఒకదాని మీదొకటి అంటించినట్టు కనిపించాయి.

"సంగీతం పోటీకి వెళ్తున్నాను సార్. గిటారు వాయిస్తాను. అక్కడ వేసుకోవడానికి కుట్టించుకున్నాను."

"గిటారేదీ?"

"బ్రేక్‌వ్యాన్‌లో."

"నీతో వచ్చినవాళ్లు?"

"వాళ్లూ అక్కడే."

జవాను ఒకడు నవ్వాడు. ఇన్‌స్పెక్టరు గడియారం చూసి, నడవమన్నట్టు ఆఫీసు వైపు చెయ్యి చూపించాడు. ఆ గదిలోకి వెళ్తే కాగితం మీద రాస్తారు. రాసిందాన్ని తుడిచేవాడు రైల్వేలో లేడు.

గిరిబాబు కదల్లేదు. కోటు పై బొత్తం మీద చెయ్యి వేశాడు. కొత్త కాజా బిగుతుకు మొదటి బొత్తం రాలేదు. రెండోది వచ్చింది. తర్వాత అన్నీ విప్పి, కోటును రెండువైపులా తెరిచి పట్టుకున్నాడు. వైన్ రంగు శాటిన్, దాని మధ్య మెడ నుంచి నడుం దాకా కనకం చీర అంచు కుచ్చులు కుచ్చులుగా. కిందికి చూడకుండా నీళ్ల ట్యాంకు వైపు చూస్తూ నిలబడ్డాడు. టీ అమ్మేవాడు ఆగి చూశాడు. తర్వాత జనంలోంచి నవ్వు మొదలై, అటు పుస్తకాల కొట్టు దాకా పాకింది.

బెల్తరా ముసలాయన పెట్టె గుమ్మంలోంచి వంగి చూశాడు. ఆయన నవ్వలేదు. ఆయన ఊళ్లో ఏటా రాత్రంతా నాచా అనే ఆటపాటల నాటకం ఆడతారు. కుచ్చుల బట్టలు కట్టి పాడే మగవాళ్లు ఆయనకు కొత్త కాదు.

"ఏ తో నాచావాలా ఆయ్, సాహెబ్" అన్నాడు, ఇంతమాత్రం తెలీదా అన్నట్టు.

ఇన్‌స్పెక్టరు మూతి మీద చెయ్యి పెట్టుకున్నాడు. నవ్వో ఏమిటో తెలియలేదు. ఆదినారాయణ అందుకున్నాడు. "మా డిపార్ట్‌మెంటులో ఇలాంటి చొక్కా ఇవ్వరు సార్. ఇస్తే ఉద్యోగం మానేస్తాను."

ఇన్‌స్పెక్టరు టికెట్లు ఆదినారాయణ చేతిలో పెట్టి, పాసు గిరిబాబుకు తిరిగి ఇచ్చాడు. తాళంచెవి మాత్రం దారం నుంచి విప్పి ఉంచేసుకున్నాడు. డిపోకు పంపిస్తానన్నాడు. జేబు పుస్తకంలో నాలుగు వాక్యాలు రాసి గిరిబాబుతో సంతకం పెట్టించుకున్నాడు.

"ఇది పైకి వెళ్తుందా సార్?"

"చూద్దాం" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నాగపూర్‌లో వాళ్లకు రెండో స్థానం వచ్చింది. దుస్తులకు పదికి ఎనిమిది. గిరిబాబు మెడలో చెవి లేని నల్లదారం ఒక్కటే ఉంది. న్యాయనిర్ణేతలు దాన్నే నగ అనుకున్నారేమో. అందరూ భుజాలు తట్టారు. అతనికి మాత్రం ఆ 'చూద్దాం' అన్న మాట తిరుగు ప్రయాణంలోనూ, తర్వాత అయిదు వారాలూ వినిపిస్తూనే ఉంది. రోజూ డ్యూటీకి వెళ్తూ బోర్డు చూసేవాడు, వస్తూ చూసేవాడు.

జనవరి ఇరవై మూడున జాబితా వచ్చింది. పదకొండు పేర్లు. తొమ్మిదోది అతనిది. మూడుసార్లు చదివి, ఇంటిపేరు కూడా సరిచూసుకుని ఇంటికెళ్లాడు. చెవి అప్పటికి వారం కిందటే డిపోకు చేరింది. ఇచ్చేటప్పుడు పై అధికారి, ఇకమీదట పెట్టెలో పెట్టి వెళ్లమని మాత్రం అన్నాడు. ఆ నాలుగు వాక్యాలు ఏమయ్యాయో గిరిబాబు ఎవర్నీ అడగలేదు.

మరుసటేడు పోటీ ఖరగ్‌పూర్‌లో. కోటును మడతపెట్టకూడదన్న షరతు మారలేదు. గిరిబాబు దాన్ని తిరగేసి తొడుక్కుని స్టేషనుకు వచ్చాడు. వైన్ రంగు శాటిన్ పొద్దుటెండలో తళతళలాడింది. నలభై రెండేళ్ల చార్జ్‌మన్ అలా నడిచి వస్తుంటే కూలీలు పక్కకు తప్పుకుని చూశారు.

"ఇదేటి గిరిబాబూ, సర్కసుకా?" అన్నాడు ఆదినారాయణ.

"అవునన్నా, సర్కసుకే. ఇప్పుడెవడూ బెర్తు అడగడు."

అడగలేదు. కాని ఒకావిడ పిల్లను చంకనేసుకుని పరుగున వచ్చి, లేడీస్ పెట్టె ఎక్కడాగుతుందని అతన్నే అడిగింది. ఆ పెట్టె ఎక్కడాగుతుందో గిరిబాబుకు స్తంభంతో సహా తెలుసు. చేతులు జేబుల్లో పెట్టుకుందామంటే జేబులు లోపలివైపుకు పోయాయి. రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, గడ్డంతో ఆదినారాయణను చూపించాడు.